దొంగోడు వల వేస్తున్నాడు!

పోయిన నెల నెల్లూరు పోయేసరికి అమ్మ గదిలో టీవీ ఆగిపోయి ఉంది. టీవీకేం కాలేదు, సెట్‌టాప్ బాక్సు అడాప్టర్ పిన్ను వదులైంది. కొత్తది కొంటే పోయేదానికి "అతికిస్తే సరిపోద్ది గదరా" అని అమ్మ ఒకటే పట్టు. చిన్నబజారు వైపు ఒక రిపేరు కొట్టు ఇంకా బతికే ఉంది. కొట్లో పెద్దాయన సోల్డరింగ్ రాడ్డు తీసి పేస్టు డబ్బాలో ముంచాడు. చుయ్‌మని పొగ లేచింది. ఆ ఘాటు ముక్కుకి తగిలిందో లేదో, నోట్లో ఒక రాగం ఆడింది. గాలగా అనే వీడియోగేమ్ మొదలయ్యేటప్పుడు వచ్చే మ్యూజిక్కు అది. పెద్దాయన తలెత్తి నా వైపు ఒకలాగా చూశాడు. పైకే అనేసుంటాను.

*

మూలాపేటలో మూలస్థానేశ్వరుడి గుడికి కాస్త ఎడంగా, ఒక సందులో ఉండేది మా చిన్నప్పుడు గాలగా ఆడిన షాపు. షాపని మేం అనుకోవడమే, బోర్డు లేదు. ఇంటి ముందుగది. గుమ్మానికి అడ్డంగా పాత దుప్పటి. దుప్పటి తీసి లోపలికి పోతే పట్టపగలు కూడా చీకటి. పగలంతా షాపు నడిపే అన్న అక్కడే టీవీలు, టేప్ రికార్డర్లు బాగుచేసేవాడు. బడి వదిలే వేళకి బల్ల మీద విప్పిపెట్టిన సామానంతా మంచం కిందికి నెట్టేసేవాడు, ఇంక అది వీడియోగేమ్ షాపు. పేస్టు కాలిన వాసన మాత్రం ఎటూ పోయేది కాదు. దానికి తోడు మా చెమట వాసన, వేడెక్కిన అడాప్టర్ల వాసన, వెనక వంటగదిలోంచి వాళ్ళింటి చేపల పులుసు వాసన.

మూడు బ్లాక్ అండ్ వైట్ పోర్టబుల్ టీవీలు. రెండు సాలిడైర్, ఒకటి డయనోరా. మా వీధిలో ఏ ఇంట్లో చూసినా ఆ మద్రాసు టీవీలే. మూలన ఒక కలర్ టీవీ ఉండేది. దాని రేటు వేరు, దాని ముందు కూర్చునేవాళ్ళ దర్జా వేరు. దాంట్లో ఎప్పుడూ కాంట్రా, కాకపోతే మారియో. కలర్ టీవీ ముందు కూర్చుని గాలగా ఆడేంత వెర్రివాడు మా పేటలో లేడు. అంతా నల్లగా ఉండే ఆటకి రంగులకి డబ్బులెవడిస్తాడు?

మిషన్లు అసలువి కావు. 1983లో జపాన్‌లో నింటెండో కంపెనీ ఫామికామ్ అని ఒక గేమ్ మిషన్ తెచ్చింది, మా దగ్గరికి వచ్చినవి దాని నకళ్ళు. మద్రాసు నుంచి ఎవరో అట్టపెట్టెల్లో తెచ్చిచ్చేవాళ్ళు. ఒక్కో పెట్టె మీద ఒక్కో పేరు, లోపల సరుకు ఒకటే. క్యాసెట్ మీద మాత్రం 9999999 ఇన్ 1 అని అచ్చేసి ఉండేది. కోటికి ఒక్క ఆట తక్కువ! లోపల చూస్తే పదో పన్నెండో ఆటలు, అవే మళ్ళీ మళ్ళీ వేరే నంబరుతో. అయినా ఎవడో ఒకడు ప్రతి వారం కిందకంటా పోయి చూసేవాడు, చివర్లో కొత్తది ఏదైనా దాక్కుందేమోనని.

క్యాసెట్ పట్టకపోతే తీసి అడుగున ఊదాలి. ఊదడానికి ఒక్కొక్కడిది ఒక్కో పద్ధతి. ఎడమ నుంచి కుడికి ఊదితేనే పని చేస్తుందని ఒకడు, చొక్కా అంచుతో తుడవాలని ఇంకొకడు. అన్న మాత్రం ఊదనిచ్చేవాడు కాదు. "ఎంగిలి పడితే తుప్పు పడద్ది అబయా" అని అరిచి, తనొచ్చి ఒకసారి తీసి పెట్టేవాడు. అంతే, బొమ్మ వచ్చేది.

టైము కట్టడానికి పలక. పేరు, పక్కన మొదలుపెట్టిన టైము, ఎన్ని రూపాయలు. గోడ గడియారం ముందుకి నడిచేదని ఊరందరికీ తెలుసు, అన్నకి తప్ప. ఆయనకీ తెలుసనుకోండి. నాలుగు టీవీల చప్పుడు ఒకేసారి. కాంట్రాలో తుపాకులు, మారియో గెంతులు, ఇంకోచోట ట్యాంకుల ఆట, వాటి మధ్యలో గాలగా గుళ్ళ చప్పుడు. ఆ గోలలో ఎవడి ఆట చప్పుడు వాడికి విడిగా వినపడేది. ఎట్లా వినపడేదో ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

*

ఆట తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. కింద మన ఓడ, పక్కలకి తప్ప కదలదు. పైన పురుగులు వంకర్లు తిరుగుతూ వచ్చి వరసలు కడతాయి. కింది రెండు వరసలు తేనెటీగలు, ఇరవై. వాటి పైన సీతాకోకచిలుకలు, పదహారు. అన్నిటికన్నా పైన నాలుగు పెద్దవి. మొత్తం నలభై. వరస కట్టాక ఒక్కొక్కటి విడిపోయి గుళ్ళు రాలుస్తూ మన మీదికి దూకుతుంది. 1981లో నామ్కో కంపెనీ చేసిన ఆట ఇది. అంతకు రెండేళ్ళ ముందు వాళ్ళే చేసిన గెలాక్సియన్ కూడా మా క్యాసెట్‌లో ఉండేది కానీ, గాలగా రుచి మరిగినవాడు మళ్ళీ దాని జోలికి పోయేవాడు కాదు.

పైన ఉండే పెద్దవాటిని మేం దొంగోళ్ళనేవాళ్ళం. ఎందుకంటే అవి ఓడల్ని ఎత్తుకుపోతాయి. దొంగోడు సగం దూరం దిగి ఆగుతాడు. ఆగి, కిందికి వెలుగు పరుస్తాడు, విసిరిన వల నీళ్ళ మీద విచ్చుకున్నట్టు. అందులో చిక్కితే మన ఓడ గిరగిరా తిరుగుతూ పైకి పోయి వాడి పక్కన ఖైదీగా చేరుతుంది. గదిలో ఎవడు చూసినా అరవాల్సిందే: "దొంగోడు వల వేస్తున్నాడు!" కాంట్రా ఆడేవాళ్ళు కూడా తల తిప్పేవాళ్ళు.

దొంగోడు ఒక దెబ్బకి చావడు. రెండు తగలాలి. మొదటి దెబ్బకి ఆకుపచ్చ రంగు పోయి నీలంగా మారతాడు. రెండో దెబ్బకి పోతాడు. ఇది కలర్ టీవీ సంగతి. మా సాలిడైర్‌లో ఆకుపచ్చా లేదు, నీలమూ లేదు. అన్నీ బూడిద రంగే. ఏ దొంగోడికి ఇప్పటికే ఒకటి తగిలిందో, ఎవడు దెబ్బ తగలకుండా పచ్చిగా ఉన్నాడో కంటికి తెలిసేది కాదు. ఆడేవాడికేమో గుళ్ళు తప్పించుకోవడంతోనే సరి. లెక్క వాడెక్కడ గుర్తుపెట్టుకుంటాడు?

లెక్క మాది, వెనక నిలబడేవాళ్ళది.

నా దగ్గర రోజూ డబ్బులెక్కడివి? అవ్వ చింతపండుకో బెల్లానికో పంపినప్పుడు మిగిలిన చిల్లర, పండక్కి వచ్చిన మామయ్యలు చేతిలో పెట్టింది, అంతే. ఆ షాపులో కుర్చీ మీద కూర్చున్న సేపు కంటే కుర్చీ వెనక నిలబడ్డ సేపే చాలా ఎక్కువ. నాలాంటోళ్ళు ఎప్పుడూ నలుగురైదుగురు ఉండేవాళ్ళం. అన్న అప్పుడప్పుడూ విసుక్కునేవాడు: "ఆడేవాళ్ళు ఆడండి, చూసేవాళ్ళు కాస్త ఊపిరి తగ్గించుకోండిరా, గాలాడక చస్తున్నా." అయినా బయటికి పొమ్మనలేదు. మేం లేకపోతే ఆడేవాళ్ళు లేరని ఆయనకి తెలుసు. వెనక ఎవరూ లేకుండా గాలగా ఆడటం ఉత్త పని. "ఎడమ నుంచి రెండోడికి ఒకటి తగిలింది", "చివరోడు పచ్చి", "ఖైదీ ఎవడి దగ్గరుందో చూడు" అంటూ మేం చెప్తా ఉంటే వాడు ఆడతా ఉండేవాడు. తప్పు చెప్పినవాడికి మర్నాడు ముందువరసలో చోటుండేది కాదు.

నేను బాగా చెప్పేవాణ్ణి. గొప్ప కోసం అనడం లేదు. "ఆ సన్నోణ్ణి పిలవండి" అని నన్ను పక్క టీవీ దగ్గర్నుంచి పిలిపించుకున్నవాళ్ళున్నారు. ఆడటంలో మాత్రం నాది అంతంతమాత్రం.

*

ఓడని కావాలని దొంగోడికి ఇచ్చెయ్యొచ్చని మాకు చూపించింది సైకిల్ షాపులో పనిచేసే కుర్రాడు. మాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ గ్రీజు. అన్న వాడికి ఆట ఆడే బటన్ల రిమోటు ఇచ్చే ముందు పాత బనీను ముక్క ఒకటి విసిరేవాడు, తుడుచుకోమని.

ఆ రోజు దొంగోడు దిగి వల పరిస్తే వీడు పక్కకి పోవాల్సింది పోయి సరాసరి కిందికే పోయి నిలబడ్డాడు. "యోవ్, పోతావుంది పోతావుంది" అని మేం మొత్తుకుంటున్నాం. ఓడ పోయింది. వీడు నవ్వుతున్నాడు.

"ఉండండిరా, మళ్ళీ తెచ్చుకుంటా."

రెండో ఓడతో మొదలుపెట్టి ఖైదీ ఉన్న దొంగోడి జోలికి పోకుండా మిగతావాటిని ఏరాడు. ఆ దొంగోడు ఖైదీని వెంటేసుకుని కిందికి దూకాడు. ఒకటి కొట్టాడు. గది మొత్తం "ఒకటీ" అంది. రెండోది కొట్టాడు. దొంగోడు పోయాడు, ఖైదీ ఓడ తిరుగుతూ తిరుగుతూ కిందికి దిగి వీడి ఓడ పక్కనే అతుక్కుంది. ఇప్పుడు రెండు ఓడలు, రెండూ ఒకేసారి కాలుస్తున్నాయి. అన్న కూడా సోల్డరింగ్ ఆపేసి లేచొచ్చాడు. ఇన్నాళ్ళూ తన షాపులో ఉన్న ఆటలో ఇట్లాంటిది ఉందని ఆయనకే తెలీదు.

ఆ వారం అందరూ ఓడలు ఇచ్చేసేవాళ్ళే. దాంట్లో ఎన్ని తిప్పలున్నాయో అప్పుడు తెలిసింది. దొంగోడు పైన వరసలో ఉండగా కొడితే ఓడ మన చేతికి రాదు, దూకేటప్పుడే కొట్టాలి. గుండు కాస్త అటుగా పోయి ఖైదీకి తగిలితే మన ఓడని మనమే పేల్చుకున్నట్టు. ఆఖరి ఓడని ఇచ్చేస్తే తెచ్చుకోడానికి ఇంకో ఓడుండదు, ఆట అయిపోయినట్టే. ఖైదీ ఓడ ఎర్రగా ఉంటుందట. మా టీవీలో అదీ బూడిదే. రెండు బూడిద బొమ్మలు కలిసి మెలికలు తిరుగుతూ దూకుతుంటే ఏది కొట్టాలో ఏది వదలాలో చెప్పాల్సింది మళ్ళీ మేమే. "ఎడమదే దొంగోడు, ఎడమది" అని అరిచి గొంతులు పోయేవి.

రెండు ఓడలైతే వెడల్పు కూడా రెండింతలు, గుళ్ళు తగిలేదీ రెండింతలని గొణిగేవాడొకడు ఉండేవాడు మాలో. వాడు తర్వాత బ్యాంకులో చేరాడు.

*

నకలు మిషన్లకి ఒక సదుపాయం ఉండేది, అసలు మిషన్‌తో వచ్చే రిమోటుకి లేనిది: టర్బో బటన్. వేలు అదిమి పెట్టుకుంటే చాలు, అదే పనిగా కాల్చేస్తుంది. కాంట్రాలో అది వరం. గాలగాలో దానితో ఒరిగేదేమీ లేదు. ఎందుకంటే మన ఓడ వదిలిన గుళ్ళు తెర మీద ఒకేసారి రెండుకి మించి ఉండవు. ఆ రెంటిలో ఒకటి దేనికైనా తగలాలి, లేదా పైకంటా పోయి మాయమవ్వాలి. అప్పటిదాకా ఎంత నొక్కినా మూడోది రాదు. గెలాక్సియన్‌లో అయితే మరీ ఘోరం, ఒక్కటే. గురి తప్పితే, ఆ గుండు పైకి పోయేదాకా చేతులు కట్టుకుని నిలబడాలి. దగ్గరికొచ్చినదాన్ని కొడితే వెంటనే ఇంకోటి చేతికొస్తుంది, దూరంగా ఉన్నదానికి గురిపెట్టి తప్పితే అంతసేపూ ఖాళీ. సైకిల్ షాపు కుర్రాడు టర్బో ముట్టుకునేవాడు కాదు. టక్, టక్ అని ఒక్కొక్కటే. కొత్తగా వచ్చినవాళ్ళు టర్బో అదిమి "ఏందన్నా, రిమోటు సరిగ్గా లేదు" అని అన్నతో తగువుకి పోయేవాళ్ళు. అన్న రిమోటు విప్పి, ఉన్న వైర్లకే మళ్ళీ సీసం పెట్టి ఇచ్చేవాడు. వాళ్ళూ బాగైందని సంతోషంగా ఆడుకునేవాళ్ళు.

వీటన్నిటికీ పెద్దన్న స్పేస్ ఇన్వేడర్స్, 1978లో నిషికాడో అనే జపానాయన చేసింది. పురుగుల సంఖ్య తగ్గేకొద్దీ మిగిలినవి వేగం పుంజుకుంటాయి ఆ ఆటలో. అది ముందు అనుకుని చేసింది కాదట. బొమ్మలు తక్కువైతే మిషన్‌కి గీసే పని తగ్గి, మిగిలినవి వాటంతటవే జోరుగా కదిలాయట. ఆయన దాన్ని సరిచెయ్యకుండా అట్లాగే ఉంచేశాడు. పెద్దయ్యాక ఇది చదివినప్పుడు అన్నకి చెప్పాలనిపించింది. ఆయనకి ఇలాంటి సంగతులంటే ప్రాణం.

*

రొట్టెల పండగ వచ్చిందంటే ఆ కొన్ని రోజులు షాపులో కాలు పెట్టే సందుండేది కాదు. బారాషహీద్ దర్గాకి ఎక్కడెక్కడి నుంచో వచ్చే చుట్టాలు, వాళ్ళ పిల్లలు. స్వర్ణాల చెరువులో దిగి కోరిక ఉన్నవాళ్ళు రొట్టె తీసుకుంటారు, తీరినవాళ్ళు ఇస్తారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె. అవ్వ ఒక ఏడు మా బాబాయి ఉద్యోగం కోసం తీసుకుంటే నేనూ వెంట పోయాను. మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి, వీడియోగేమ్ రొట్టె ఎవరన్నా ఇస్తారేమో అడగమన్నాను. అవ్వ తడిచెయ్యి తీసి వీపు మీద ఒకటిచ్చింది. బాబాయికి మాత్రం ఉద్యోగం వచ్చింది, అవ్వ మర్చిపోకుండా పోయి రొట్టె ఇచ్చొచ్చింది.

*

నిజం రాకెట్లు ఎగిరే శ్రీహరికోట మాకు గీత గీస్తే వంద కిలోమీటర్ల లోపే. అప్పట్లో అదీ మా జిల్లాలోనే ఉండేది. అయినా ఆ షాపులో మేం ఆడే ఓడకీ, అక్కడ ఎగిరేదానికీ ఏదో సంబంధం ఉందని ఒక్కరికీ తట్టలేదు. అది సైంటిస్టుల పని. ఇది మన పని.

1993 సెప్టెంబరు 20న పీఎస్ఎల్వీ రాకెట్టు మొట్టమొదటిసారి ఎగిరిన పొద్దున మా సారు క్లాసులన్నీ ఆపి గ్రౌండులోకి తీసుకొచ్చాడు. దక్షిణం దిక్కుకి తిరిగి నిలబడ్డాం. ఎండకి చేతులు అడ్డం పెట్టుకుని చూస్తా ఉంటే, చెట్ల పైనుంచి తెల్లటి గీత ఒకటి లేచింది. చప్పుడు లేదు. రోడ్డు మీద రిక్షా బెల్లులు, సోడాల బండివాడి కేక తప్ప నాకేమీ వినపడలేదు. గీత పైకి పోయి, వంగి, సముద్రం వైపు పోయింది. మేం చప్పట్లు కొట్టాం. సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చూసినంతవరకూ బ్రహ్మాండంగా పోయింది.

తర్వాత రేడియోలో చెప్పారు, రాకెట్టు కక్ష్యకి చేరకుండానే బంగాళాఖాతంలో పడిపోయిందని. దాంతో ఐఆర్ఎస్-1ఈ ఉపగ్రహం కూడా పోయింది. సాయంత్రం షాపులో అదే మాట. మా నాయనలాంటి పెద్దవాళ్ళందరూ ఇంట్లో చావు జరిగినట్టు మొహాలు పెట్టుకుని తిరుగుతున్నారు. సైకిల్ షాపు కుర్రాడు రిమోటు మీదనుంచి కన్ను తిప్పకుండా అన్నాడు: "ఒక లైఫు పోయింది, అంతేగా. ఇంకా ఉంటాయిలే వాళ్ళకి."

అన్నకి కోపం వచ్చింది. "నీది రూపాయి ఆట రా. వాళ్ళది అట్లా కాదు" అన్నాడు. ఆ రోజు వాడికి టైము కాకముందే స్విచ్చి ఆపేశాడు. ఆయన ఎప్పుడూ అట్లా చెయ్యలేదు. మరుసటేడు, 1994 అక్టోబరు 15న, రెండో పీఎస్ఎల్వీ ఎగిరి ఉపగ్రహాన్ని కక్ష్యలో వదిలింది. వాడు షాపులోకి రాగానే "చెప్పలా?" అన్నాడు. అన్న నవ్వి పావుగంట ఊరికే ఆడుకోనిచ్చాడు.

*

కరెంటు పోతే ఆ క్యాసెట్‌కి ఏదీ గుర్తుండదు. ఎంత స్కోరు కొట్టినా స్విచ్చి ఆగిందంటే సున్నా. అందుకని గోడే మాకు లెక్కల పుస్తకం. సాలిడైర్ల వెనక సున్నం గోడ మీద పెన్సిలుతో పేర్లు, అంకెలు. రాయడానికి కూడా రూలుండేది: సాక్షులు ఇద్దరుండాలి, అందులో ఒకడు ఆడినవాడి దోస్తు కాకూడదు. పురుగులు గుళ్ళు వెయ్యకుండా ఊరికే ఎగిరిపోయే స్టేజీ మధ్యమధ్యలో వచ్చేది. మొదట మూడో స్టేజీ, ఆ తర్వాత నాలుగేసి స్టేజీలకొకసారి. అందులో నలభైకి నలభై కొడితే పేరు పక్కన చుక్క. చుక్కలున్నవాళ్ళు పేటలో నడిచే తీరే వేరు.

ఎండాకాలం కరెంటు పోయినప్పుడు చూడాలి. "హో" అని ఒక్కసారి నాలుగు టీవీల ముందునుంచీ అరుపు. టీవీ మధ్యలో తెల్లచుక్క ఒకటి కాసేపు మిణుకుమని ఆరిపోయేది. పలక మీద టైము ఎక్కడ ఆపాలని తగువు. డబ్బులు తిరిగిచ్చేది లేదు, కరెంటొచ్చాక రమ్మనేవాడు అన్న. ఎవడూ ఇంటికి పోయేవాడు కాదు. అరుగు మీద కూర్చుని, నోటితోనే ఆడేవాళ్ళం. ఒకడు దొంగోడు, ఒకడు ఓడ, మిగిలినవాళ్ళం చప్పుళ్ళు.

ఒక సంక్రాంతికి అన్న వాళ్ళమ్మ గదికి సున్నం వేయించింది. గోడ తెల్లగా మెరిసిపోతోంది. సైకిల్ షాపు కుర్రాడు చాలాసేపు గోడని చూసి, ఆమెని ఏమీ అనలేక, "అవ్వా, పండక్కి బాగుంది" అని పోయాడు.

*

తర్వాత కథ అన్ని ఊళ్ళదీ ఒకటే. మిషన్ల ధర తగ్గి ఇంటింటికీ వచ్చాయి. ట్రంకు రోడ్డు మీద కంప్యూటర్లు వచ్చాయి, గంటకింత అని. అన్న షాపు తీసేసి కేబుల్ పని పట్టుకున్నాడు. కొన్నేళ్ళకి ఆయన పోయాడని విన్నాను. నేనప్పటికి హైదరాబాదులో ఉన్నాను. రిపేరు కొట్లో పెద్దాయన్ని అడిగితే గుర్తుపట్టాడు. "సీసం చాలా తక్కువ వాడేవాడు, చెయ్యి మంచిది" అన్నాడు. ఆ రంగంలో అంతకన్నా పెద్ద మెచ్చుకోలు ఉండదనుకుంటాను. సైకిల్ షాపు కుర్రాడు ఎక్కడున్నాడో పెద్దాయనకి తెలీదు.

ఈ మధ్య మా అమ్మాయి ఫోనులో గాలగా పెట్టిచ్చాను. పచ్చపచ్చగా, నీలంగా, ఎర్రగా, ఎంత రంగో. దాని కుర్చీ వెనక నిలబడి చూస్తున్నాను. దొంగోడికి ఒకటి తగిలింది.

"కుడినుంచి రెండోడికి ఒకటి తగిలిందమ్మా, గుర్తుపెట్టుకో" అన్నాను.

"నాన్నా, రంగు మారింది కదా. కనపడుతోంది."

కాసేపాగి ఇంకోటి చెప్పబోతే ఫోను తీసుకుని పక్కగదిలోకి పోయింది. రెండు ఓడలు చేసుకోవడం మాత్రం దానికింకా రాలేదు. అడిగితేనే చెప్తాను.